ముందు మెడ కొలత, తరువాత సైకిల్ కొలత

సభకు నమస్కారం. ఆదివారం ఇంత పొద్దున్నే ఇంతమంది వచ్చినందుకు సంతోషంగా ఉంది. మీలో కొందరు మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద తొక్కి అటునుంచి అటే వచ్చారని మీ బట్టలు చూస్తేనే తెలుస్తోంది. నాకు అప్పగించిన విషయం ఒక్కటే. మెడకు దెబ్బ తగిలినవారు, మెడలో డిస్క్ జారినవారు రోడ్ బైక్, అంటే కిందికి వంపు తిరిగిన డ్రాప్ హ్యాండిల్ ఉన్న సైకిల్, కొనాలనుకుంటే దేన్ని చూసి కొనాలి? నేను డాక్టర్‌ను కాను, సైకిళ్ల వ్యాపారంలోనూ లేను. వృత్తిరీత్యా ఇంజనీరును. ఆరేళ్ల క్రితం వానాకాలంలో గండిపేట రోడ్డు మీద నీళ్లు నిండిన గుంటలో ముందు చక్రం దిగబడి, హ్యాండిల్ మీదుగా ఎగిరి పడి, మెడలో సి-5, సి-6 పూసల మధ్య డిస్క్ దెబ్బతిన్నాక, మళ్లీ సైకిల్ ఎక్కడానికి ఎనిమిది నెలలు ఎదురుచూసిన మనిషిని. ఈ మాటలు చెప్పడానికి నాకున్న అర్హత అంతే.

ఎనిమిది నెలల తరువాత నా డాక్టర్ సరేనన్నారు, ఫిజియోథెరపిస్ట్ సరేనన్నారు, నేను వెంటనే ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడి అబ్బాయి నా ఎత్తు అడిగాడు. ‘మీకు 54 సైజు సరిపోతుంది, ఇది చాలా కంఫర్టబుల్ బైక్’ అన్నాడు. మెడ గురించి నేను చెప్పాను, అతను విన్నాడు కూడా, కానీ చివరికి కొలిచింది మాత్రం నా ఎత్తునే. ఆ సైకిల్ మీద నలభై నిమిషాలు తొక్కేసరికి కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కేవి. ఇది ఆ అబ్బాయి మీద ఫిర్యాదు కాదు. అతనికి ఏ ప్రశ్న వేయాలో తెలియదు, నాకు ఏ జవాబు చెప్పాలో తెలియదు. ఈ రోజు మనం ఆ ప్రశ్న ఏమిటో, ఆ జవాబు ఎలా సంపాదించుకోవాలో మాట్లాడుకుందాం.

అంతకంటే ముందు ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, చేతిలో పట్టు తగ్గుతున్నా, నడుస్తుంటే అడుగులు తడబడుతున్నా, తల వంచగానే వెన్ను వెంట కరెంటు షాక్ కొట్టినట్టు అనిపిస్తున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా, వాళ్లు సైకిల్ సంగతి పక్కన పెట్టి వెంటనే వైద్యుల దగ్గరకు వెళ్లాలి. అవి వెన్నుపాము నొక్కుకుపోతోందని చెప్పే సూచనలు కావచ్చు. వాటికి సైకిల్ సర్దుబాట్లలో మందు లేదు. నేను ఇకపై చెప్పేదంతా సైకిల్ తొక్కడానికి డాక్టర్ అనుమతి ఉన్నవారికి మాత్రమే.

ఇప్పుడు ఒక ప్రశ్న. డ్రాప్ హ్యాండిల్ పట్టుకుని సైకిల్ తొక్కుతున్న మనిషి మెడ ముందుకు వంగి ఉంటుందా, వెనక్కి వంగి ఉంటుందా? ముందుకు అని చాలామంది అంటున్నారు. సరే, అందరూ ఒకసారి కుర్చీ అంచుకు జరిగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగండి. మెడ బాగాలేనివారు వద్దు, పక్కవారిని చూడండి చాలు. వంగారా? ఇప్పుడు నేల వైపు కాకుండా నా ముఖం వైపు చూడండి. మీ మెడ ఇప్పుడు ఎటు వంగి ఉంది? వెనక్కి. ఒళ్లు ముందుకు ఎంత వాలితే, దారి చూడడానికి మెడ వెనక్కి అంత విరవవలసి వస్తుంది. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

మెడలో ఏడు పూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య ఇరువైపులా ఉండే చిన్న రంధ్రాల గుండా చేతులకు వెళ్లే నరాలు బయటికి వస్తాయి. మెడను వెనక్కి విరిచినప్పుడు ఆ రంధ్రాలు ఇరుకవుతాయి. ఆరోగ్యంగా ఉన్న మెడలో ఆ ఇరుకు వల్ల ఏ నష్టమూ ఉండదు, ఎందుకంటే అక్కడ చోటు కావలసినంత ఉంటుంది. డిస్క్ ఉబ్బినవారికి, ఎముక పెరిగినవారికి ఆ చోటు అప్పటికే తక్కువ. మెడ వెనక్కి విరిచిన స్థితిలోనే తలను పక్కకు తిప్పితే, తిప్పిన వైపు రంధ్రం ఇంకా ఇరుకవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, అద్దం గురించి చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికి వస్తాను. ఇక తల బరువు సుమారు 5 కిలోలు, దాని మీద హెల్మెట్ మరో పావు కిలో. ఈ బరువునంతా మెడ వెనుక కండరాలు గంటల తరబడి పట్టి నిలపాలి.

బ్రేవేలు, అంటే గడువులోగా పూర్తి చేయవలసిన సుదూర సైకిల్ ప్రయాణాలు, తొక్కేవారికి ఈ సంగతి బాగా తెలుసు. 200 కిలోమీటర్ల బ్రేవేకు పదమూడున్నర గంటల గడువు, 600 కిలోమీటర్లకు 40 గంటలు. అమెరికాను ఒక తీరం నుంచి మరో తీరానికి దాటే సుదీర్ఘ పోటీ 1982లో మొదలైంది. ఆ మరుసటి ఏడాది, 1983లో, మైకేల్ షెర్మర్ అనే పోటీదారుకు మెడ కండరాలు పూర్తిగా చేతులెత్తేసి తల నిలబడని స్థితి వచ్చింది. ఇప్పటికీ ఆ స్థితిని ‘షెర్మర్స్ నెక్’ అనే పిలుస్తారు. పోటీలకు తయారైన మెడకే ఆ గతి పట్టవచ్చంటే, ఒకసారి గాయపడిన మెడను మనం ఎంత అడిగి పని చేయించుకోవాలో మీరే ఆలోచించండి.

ఇంకొక్క ప్రయోగం చేసి కొలతల దగ్గరికి వెళదాం. మళ్లీ ముందుకు వంగండి. ఈసారి నడుము గూనిలా గుండ్రంగా చేసి నన్ను చూడండి. మెడ ఎంత విరవవలసి వచ్చింది? ఇప్పుడు అంతే వాలు ఉంచి, తుంటి దగ్గర నుంచి వంగి, ఛాతీ కాస్త ముందుకు తెచ్చి, వీపు చదునుగా పెట్టి చూడండి. మెడకు తేలిక అనిపించిందా? వాలు అంతే, మెడ పని మాత్రం తగ్గింది. కటి ఎముక ముందుకు తిరిగితే వీపు చదునవుతుంది, వీపు చదునైతే మెడ మీద భారం తగ్గుతుంది. సీటు గుచ్చుకుంటుంటే కటి ఎముక ముందుకు తిరగదు, మనిషి వెనక్కి ముడుచుకుపోతాడు, వీపు గూని అవుతుంది, మెడ వెనక్కి విరవవలసి వస్తుంది. అందుకే మెడ నొప్పితో వచ్చిన సైక్లిస్టు సీటును నేను ముందు చూస్తాను. హ్యాండిల్ సంగతి ఆ తరువాతే.

ఇంట్లో చేసుకునే కొలత

నేను మొదటి సైకిల్ కొనే ముందు చేయవలసి ఉండి చేయని పని ఇది. మీ ఫిజియోథెరపిస్ట్‌తో ఒక మాట చెప్పి చేయండి. ఎత్తైన స్టూలు ఒకటి, భోజనాల బల్ల ఒకటి, ఇంట్లో ఉన్న లావుపాటి పుస్తకాలు కొన్ని కావాలి. స్టూలు అంచున కూర్చుని, ఇందాక చెప్పినట్టు తుంటి నుంచి వంగి, మోచేతులు కొద్దిగా మడిచి, చేతులు బల్ల మీద ఆనించండి. ఎదుటి గోడ మీద మీ కళ్ల ఎత్తులో ఒక చుక్క పెట్టి దాన్ని చూస్తూ ఉండండి. ఇరవై నిమిషాలు. నొప్పి మొదలైనా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆపేయండి. మరుసటి రోజు చేతుల కింద రెండు పుస్తకాలు పెట్టి మళ్లీ చేయండి. అదీ పడకపోతే ఇంకో పుస్తకం పెట్టండి, బల్లను కొంచెం దగ్గరికి లాక్కోండి. ఇరవై నిమిషాలు ఇబ్బంది లేకుండా గడిచిన రోజున టేపు తీసుకుని రెండు కొలతలు రాసుకోండి. స్టూలు మట్టం కంటే మీ చేతులు ఎన్ని సెంటీమీటర్లు పైన లేదా కింద ఉన్నాయి అన్నది ఒకటి. కూర్చున్న చోటు నుంచి చేతుల వరకు అడ్డంగా ఎంత దూరం అన్నది రెండోది. ఇవే మీ మెడ కొలతలు. స్టూలు మీద కూర్చోవడం, సీటు మీద కూర్చోవడం అచ్చంగా ఒకటి కావు కాబట్టి, అటూ ఇటూ రెండు సెంటీమీటర్ల వెసులుబాటు ఉంచుకోండి.

నా చేతులు సీటు మట్టం కంటే 2 సెంటీమీటర్లు పైన ఉండాలని తేలింది. మరి నేను కొన్న సైకిల్‌లో చేతులు పెట్టే చోటు, అంటే బ్రేకుల పైన ఉండే రబ్బరు హుడ్స్, సీటు కంటే 6 సెంటీమీటర్లు కింద ఉన్నాయి. అంటే నా మెడ అడిగినదానికీ, సైకిల్ ఇచ్చినదానికీ మధ్య 8 సెంటీమీటర్ల తేడా. ఆ 8 సెంటీమీటర్లను పూడ్చడానికి నేను ఏమేం చేశానో వరుసగా చెబుతాను. అందులోనే సైకిల్ ఎంపిక మొత్తం ఉంది.

మొదట చేసింది స్టెమ్ తిరగేయడం. హ్యాండిల్‌ను ఫోర్క్ గొట్టానికి, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ నుంచి పైకి వచ్చే గొట్టానికి, కలిపే ఆ చిన్న ముక్కే స్టెమ్. చాలా సైకిళ్లలో దానికి 6 డిగ్రీల వంపు ఉంటుంది, ఆ వంపు కిందికి ఉండేలా బిగించి అమ్ముతారు. 100 మిల్లీమీటర్ల స్టెమ్‌ను విప్పి తలకిందులుగా బిగిస్తే హ్యాండిల్ దాదాపు 2 సెంటీమీటర్లు లేస్తుంది. రూపాయి ఖర్చు లేదు. కొత్త సైకిల్ కోసం లక్ష రూపాయలు చేతబట్టుకుని తిరుగుతున్నవారు దయచేసి ముందు ఇంట్లో ఉన్న సైకిల్‌కు ఈ పని చేసి చూడండి. రెండోది, ఆ స్టెమ్ కింద ఉండే ఉంగరాలు, అంటే స్పేసర్లు. స్టెమ్ పైన స్పేసర్లు ఉంటే వాటిని కిందికి మార్చుకోవచ్చు. ప్రతి 10 మిల్లీమీటర్ల స్పేసర్‌కు హ్యాండిల్ లేవడమే కాదు, ఫోర్క్ గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి 3 మిల్లీమీటర్లు మన వైపు కూడా వస్తుంది. నా సైకిల్‌లో ఉన్నవన్నీ అప్పటికే స్టెమ్ కిందే ఉన్నాయి. కొత్తవి చేర్చడానికి గొట్టం మిగలలేదు, ఎందుకంటే దాన్ని కోసేశారు. ఫోర్క్ గొట్టం ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. కాబట్టి దుకాణంలో మీరు నోరు తెరిచి చెప్పవలసిన మొదటి మాట, ‘గొట్టం కోయవద్దు’ అని. పైన కొంత పొడుగ్గా కనిపిస్తే కనిపించనివ్వండి. అయితే కార్బన్ గొట్టం అయితే స్టెమ్ కింద ఎంత ఎత్తు వరకు స్పేసర్లు పెట్టవచ్చో తయారీదారు ఒక హద్దు పెడతాడు, దాన్ని దాటకూడదు. మూడోది, మధ్యలో పైకి లేచి ఉండే డ్రాప్ హ్యాండిల్. అది ఇంకో 2 సెంటీమీటర్లు ఇచ్చింది.

లెక్క చూడండి. రెండు, రెండు, నాలుగు. నాకు కావలసింది ఎనిమిది. మిగతా నాలుగు ఎక్కడ నుంచి రావాలి? ఫ్రేమ్ నుంచే రావాలి. ఫ్రేమ్ పొట్టిగా ఉంటే పైన ఎన్ని ముక్కలు మార్చినా లాభం లేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఫ్రేమ్ కాగితం చదవడం

ప్రతి కంపెనీ తన ఫ్రేమ్ కొలతల పట్టికను ప్రకటిస్తుంది. అందులో ఇరవై అంకెలు ఉంటాయి, మనకు రెండు చాలు. పెడల్ క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య నుంచి, ఫ్రేమ్ ముందు గొట్టం పైఅంచు ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె స్టాక్. అదే ఇరుసు నుంచి ఆ అంచు ఎంత ముందుకు ఉందో చెప్పే అంకె రీచ్. స్టాక్ పెరిగితే చేతులు పైకి వస్తాయి, రీచ్ తగ్గితే చేతులు దగ్గరికి వస్తాయి. స్టాక్‌ను రీచ్‌తో భాగించండి. రేసు సైకిళ్లకు సుమారు 1.4 నుంచి 1.45 మధ్య వస్తుంది, ఎక్కువసేపు హాయిగా తొక్కడానికి చేసిన, ఎండ్యూరెన్స్ అని పిలిచే రకానికి 1.5, ఆ పైన వస్తుంది. నా మొదటి సైకిల్ స్టాక్ 550, రీచ్ 385. భాగిస్తే 1.43. కంఫర్టబుల్ అని చెప్పి నాకు ఇచ్చింది రేసు సైకిల్ అన్నమాట. ఇప్పుడు నేను తొక్కుతున్నదాని స్టాక్ 592, రీచ్ 378. భాగిస్తే దాదాపు 1.57. ఆ నాలుగు సెంటీమీటర్లు అక్కడ దొరికాయి.

పేర్లు చెప్పమని కొందరు ముందే చీటీ పంపారు. స్పెషలైజ్డ్ రూబే, ట్రెక్ డొమానే, జెయింట్ డెఫై, కానండేల్ సినాప్స్ ఈ ఎండ్యూరెన్స్ కోవకు చెందినవి. రూబేలో 2017 నమూనా నుంచి హ్యాండిల్ కింద 20 మిల్లీమీటర్లు ఆడే స్ప్రింగు ఉంటుంది, చేతులకూ మెడకూ గతుకుల దెబ్బ తగ్గడానికి అది నిజంగా ఉపయోగపడుతుంది. కానీ పేరు చూసి కొనకండి. ఒకే పేరు మీద వచ్చే సైకిల్ కొలతలు ఏటికేడాది మారుతుంటాయి, సైజు సైజుకూ మారుతుంటాయి. మీరు చూస్తున్న ఏడాది, మీరు చూస్తున్న సైజు, ఆ రెండు అంకెలు చూడండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. స్టాక్ కావాలని ఒక సైజు పెద్ద ఫ్రేమ్ కొంటారు. పెద్ద ఫ్రేమ్‌లో స్టాక్ పెరుగుతుంది, నిజమే, దానితో పాటు రీచ్ కూడా పెరుగుతుంది. చేతులు పైకి వచ్చాయని సంతోషపడేలోపు అవి దూరం కూడా అవుతాయి. అప్పుడు హ్యాండిల్ అందడం లేదని సీటును ముందుకు జరుపుతారు. సీటు ఉండవలసిన చోటును పెడల్ నిర్ణయిస్తుంది, హ్యాండిల్ కాదు. సీటు ముందుకు జరిగితే బరువంతా చేతుల మీద పడి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ ఇంకా బిగుసుకుంటుంది. సీటు ముక్కును కిందికి వంచినా అదే జరుగుతుంది, మనిషి ముందుకు జారుతుంటాడు, చేతులతో వెనక్కి నెట్టుకుంటుంటాడు. సీటును ముందు సరిగ్గా స్థిరపరచండి, ఆ తరువాత దాన్ని మరచిపోండి, మిగతా సర్దుబాటు అంతా హ్యాండిల్ వైపే చేయండి.

ఖరీదైన కొత్త సైకిళ్లు కొనాలనుకునేవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఇప్పుడు బ్రేకు గొట్టాలు, గేరు తీగలు బయటికి కనిపించకుండా స్టెమ్ లోపలి నుంచి పోయే నమూనాలు ఎక్కువయ్యాయి. చూడడానికి చాలా అందంగా ఉంటాయి. కానీ హ్యాండిల్‌ను ఒక్క సెంటీమీటరు లేపాలన్నా మెకానిక్ చేతిలో ఒక పూట పని, కొన్నిసార్లు బ్రేకు గొట్టాలే మార్చవలసి వస్తుంది. గాయపడిన మెడ ఈ నెలలో ఒక ఎత్తు అడుగుతుంది, ఆరు నెలల తరువాత వ్యాయామాలతో బలపడి ఇంకో ఎత్తు ఒప్పుకుంటుంది. ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. అలాంటప్పుడు ఒక ఆలెన్ కీతో ఐదు నిమిషాల్లో మార్చుకోగలిగే మామూలు స్టెమ్, మామూలు హ్యాండిల్ ఉన్న సైకిల్ మనకు మేలు. నా దృష్టిలో తక్కువ బరువు కంటే, కార్బన్ కంటే ఇదే ముఖ్యం.

గేర్ల గురించి క్లుప్తంగా. మన ఊరు రాతి గుట్టల మీద కట్టిన ఊరు, జూబ్లీహిల్స్ ఎక్కినవారికి చెప్పనక్కరలేదు. ముందు ఉండే రెండు పళ్ల చక్రాలకు 50, 34 పళ్లు, వెనుక ఉండే పళ్ల చక్రాల్లో పెద్దదానికి 34 పళ్లు ఉంటే, ఎక్కేటప్పుడు హ్యాండిల్ పట్టి గుంజవలసిన పని ఉండదు. గుంజినప్పుడల్లా మెడ నుంచి భుజానికి పోయే కండరం బిగుసుకుంటుంది. ఎక్కడం కంటే దిగడమే మెడకు ఎక్కువ ప్రమాదం. అనంతగిరి ఘాటు దిగేటప్పుడు సైకిల్ ముందుకు వాలుతుంది, మెడ ఇంకా వెనక్కి విరవవలసి వస్తుంది, బ్రేకు గట్టిగా నొక్కుతూ ఉండాలి. వేలితో నొక్కితే పట్టే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులకు డబ్బు పెట్టడం ఇందుకే సబబు.

టైర్ల గురించి మాత్రం క్లుప్తంగా చెప్పలేను. ఒకప్పుడు రోడ్ బైక్ అంటే 23 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, రాయిలా గాలి. ఇప్పుడు కనీసం 32 పట్టే ఫ్రేమ్ కొనండి, 35 పడితే ఇంకా మంచిది. స్పీడ్ బ్రేకర్లు, వరుస గీతల రంబుల్ స్ట్రిప్పులు, తవ్వి పూడ్చిన పైపులైన్లు, ఎత్తుగా లేచిన మ్యాన్‌హోల్ మూతలు ఉన్న మన రోడ్ల మీద ప్రతి దెబ్బా చేతుల గుండా భుజాలకూ, సీటు గుండా వెన్నుకూ, చివరికి మెడకూ చేరుతుంది. 70 కిలోల మనిషి 32 టైరులో 55, 60 పీఎస్‌ఐ మధ్య గాలితో హాయిగా తొక్కవచ్చు. టైరు మీద రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టించుకుని రావడం చాలామందికి అలవాటు. ఇంట్లో గేజు ఉన్న పంపు పెట్టుకోండి. మోచేతులు బిగదీసి పట్టుకుంటే మాత్రం ఎంత మెత్తని టైరైనా వృథా. మోచేయి మడిచి ఉంటేనే గతుకు అక్కడ ఆగుతుంది.

ఇందాక గుర్తుంచుకోమన్న అద్దం సంగతి. మనం రోడ్డుకు ఎడమ వైపు పోతాం, వెనుక వచ్చే బండ్లు కుడి వైపు నుంచి వస్తాయి. కుడికి తిరగాలంటే, విరిచిన మెడను విరిచినట్టే ఉంచి కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. నరానికి అంతకంటే చెడ్డ భంగిమ లేదు. హ్యాండిల్ కుడి కొసకు ఒక చిన్న అద్దం బిగించండి. అందం చెడిపోతుందని తోటివారు అంటారు, వినకండి. హెల్మెట్ ముందు టోపీ అంచులాంటి వైజర్ ఉంటే తీసేయండి. కళ్లజోడు పైఅంచు కూడా చూడండి. వంగి ఉన్నప్పుడు మనం కళ్లజోడు పైభాగం నుంచే దారి చూస్తాం. ఫ్రేమ్ అంచు అడ్డం వస్తే తెలియకుండానే గడ్డం ఇంకో వేలెడు పైకెత్తుతాం. నాకు పైఅంచు లేని జోడు పెట్టుకున్నాక వచ్చిన తేడా స్టెమ్ తిరగేసినప్పటి తేడా కంటే తక్కువేమీ కాదు.

అసలు డ్రాప్ హ్యాండిల్ ఎందుకు, తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ కొనుక్కుంటే పోదా? మంచి ప్రశ్న. గంటలోపు తొక్కేవారికి అది నిజంగానే సరిపోతుంది, మొహమాటం లేకుండా అదే కొనండి. కానీ పూర్తిగా నిటారుగా కూర్చుంటే మెడ వెనక్కి విరవనక్కరలేదు గాని, బరువంతా సీటు మీద పడి గతుకులు తిన్నగా వెన్ను వెంట పైకి పోతాయి. చేతులకు ఒకటే పట్టు ఉంటుంది. డ్రాప్ హ్యాండిల్‌లో పైపట్టు, హుడ్స్ అని పట్టు మార్చుకుంటూ మెడ కోణాన్ని పది నిమిషాలకొకసారి మార్చవచ్చు. వెనక్కి వాలి కాళ్లు ముందుకు చాపి తొక్కే రికంబెంట్ సైకిల్ మెడకు చాలా సుఖం. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ దాని మీద గంటలో 45 కిలోమీటర్లకు పైగా తొక్కితే, మరుసటి ఏడాదే సైకిల్ పోటీల సంఘం ఆ ఆకారాన్ని పోటీల నుంచి తప్పించింది. కానీ మన ట్రాఫిక్‌లో అంత కిందుగా కూర్చున్న మనిషి లారీ డ్రైవరుకు కనిపించడు. నేను ఆ ధైర్యం చేయలేదు.

కొనే ముందు దుకాణం వీధిలో రెండు చుట్లు తిరిగి సరే అనవద్దు. తిమ్మిరి ఐదు నిమిషాలకు రాదు, నలభై నిమిషాలకు వస్తుంది. కనీసం గంట తొక్కనివ్వమని అడగండి, కుదరకపోతే వారి దగ్గరే ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కనిచ్చే స్టాండు మీద, బిగించి ముప్పావుగంట తొక్కండి. ఏ వేళ్లు తిమ్మిరెక్కాయో రాసుకోండి. బొటనవేలు, చూపుడువేలు అయితే నాలాగే మెడలో సి-6 నరం కావచ్చు. మధ్యవేలు అయితే సి-7 కావచ్చు. ఉంగరపు వేలు, చిటికెనవేలు అయితే మెడ కాకుండా, హ్యాండిల్ మీద అరచేయి నొక్కుకుని మణికట్టు దగ్గర నరం ఇబ్బంది పడుతూ ఉండవచ్చు. దానికి గ్లౌజు, హ్యాండిల్‌కు చుట్టిన టేపు మారిస్తే తీరవచ్చు. తేల్చవలసింది డాక్టరే, కానీ ఆ కాగితం మీ చేతిలో ఉంటే వారి పని సులువవుతుంది.

బయట వేపచెట్టు కింద మూడు సైకిళ్లు నిలబెట్టాను. ఒకటి రేసు సైకిల్, ఒకటి ఎండ్యూరెన్స్, ఒకటి నేను తొక్కేది. టేపు, ఆలెన్ కీలు, నాలుగు రకాల స్టెమ్‌లు ఉన్నాయి. మీ సొంత సైకిళ్లు కూడా తీసుకురండి. మెడ నొప్పి ఉన్నవారు ముందు రండి, సీటు నుంచి హుడ్స్ వరకు కొలిచి ఒక్కొక్కరికీ కాగితం మీద రాసి ఇస్తాను.